ఒక వస్తువునకు ఒకే పేరు

మహబూబాబాదునకు పోవలసిన క్రొత్త మనుష్యుడొకడు జనగామలో బస్సుకొరకు నిలుచున్నాడనుకొందము. ప్రక్కవారు “మానుకోట బస్సు వచ్చినది” అందురు. అతడు కదలడు. మానుకోటయు మహబూబాబాదును ఒకే ఊరని అతని కెవ్వరును చెప్పలేదు. బస్సు వెడలిపోవును. పాపము, తెలివి లేక కాదు, పేరు తెలియక అతడు నిలిచిపోయెను.

కంప్యూటరుచేత పనులు చేయించుటకై ఏర్పడిన ప్రోగ్రామింగు భాషలను నేర్చువారికి నిట్టి చిక్కే కలుగుచుండును. అట్టి ప్రతి భాషకును ఒక ఆకరగ్రంథ ముండును. అది కథవలె మొదటినుండి కడవరకు చదువునది కాదు. సందేహము పుట్టినపుడు తెరచి, కావలసిన పదమును వెదకి, ఆ పుటను మాత్రమే చదువుకొనునది. కావున అందలి పారిభాషిక పదములు పుటపుటకును మారరాదు.

ఒక ఉదాహరణమును చూతము. వైశాల్యము కట్టుటకు ఒక ప్రమేయమును వ్రాసి, దానికి పొడవు, వెడల్పు అను రెండు పేర్లు నిర్ణయించితిమి. పిమ్మట 5, 3 అను విలువలిచ్చి దానిని పిలిచితిమి. పైథాన్ భాషయొక్క ఆకరగ్రంథమున మొదటి పేర్లకు పారామీటరులనియు, పిలుచునపుడిచ్చు విలువలకు ఆర్గ్యుమెంటులనియు వేరువేరు నిర్వచనములు కలవు. మార్కుల రిజిస్టరులో పైనుండు శీర్షిక వంటిది పారామీటరు. దానిక్రింద వ్రాయబడు అంకె వంటిది ఆర్గ్యుమెంటు. మనము 5 మాత్రమే యిచ్చి 3 మరచినచో, ఒక ఆర్గ్యుమెంటు లోపించినదని పైథాన్ దోషమును సూచించును. గ్రంథమున నొకచోట ఆర్గ్యుమెంటనియు, వేరొకచోట దానినే పారామీటరనియు వ్రాసియున్నచో, ఆ సూచనను పట్టుకొని వెదకు విద్యార్థి యే పుటకు పోవలెను? 1960లో వెలువడిన ఆల్గాల్ భాషా నివేదికయందు ఈ రెంటికిని పారామీటరను పదమునే వాడి, ముందొక విశేషణము చేర్చి భేదము చూపిరి. ఆ పద్ధతియు మంచిదే. ఏ పద్ధతి నవలంబించినను గ్రంథమంతట నొకటే యుండవలెను.

ఇచ్చట మా విద్యార్థులకొక సందేహము కలుగవచ్చును. వ్యాసరచనలో ఒకే మాటను మరల మరల వాడిన పునరుక్తి దోషమని మేమే చెప్పుచుందుము గదా! నిజమే. వ్యాసమున సూర్యుడు, భానుడు, రవి యన్నను చదువరి మువ్వురు సూర్యులను ఊహింపడు. ఆకరగ్రంథమున నట్లుకాదు. మాట మారినచో వస్తువును మారినదని చదువరి తలచును. అచ్చట పునరుక్తి దోషము కాదు, గుణమే.

ఈ సంగతి మేము మా తప్పువలననే నేర్చుకొంటిమి. కంప్యూటరు తరగతికై తెలుగులో పాఠములు వ్రాయునపుడు ఒక పుటలో ‘చరరాశి’ యనియు, మరియొక పుటలో ‘చలరాశి’ యనియు వ్రాసితిమి. మొదటిది బడి గణితపుస్తకములలోని మాట. రెండవది ఇంటర్మీడియెటు పుస్తకములలోనిది. ఒక బాలిక యీ రెంటికిని భేదమేమో తెలియక, అడుగుటకు జంకి, తనకు గణితము రాదనుకొని వెనుకబెంచీకి జరిగినది. కొన్ని వారములకు గాని మాకు కారణము తెలియలేదు. ఆమె బుద్ధియందు లోపము లేదు. లోపము మా కాగితములయందుండెను.

ఒకే పేరు కాలక్రమమున వేరు వస్తువును తెలుపుటయు కలదు. 2016లో భూపాలపల్లి జిల్లా యేర్పడినపుడు ములుగు దానిలోనిదే. 2019లో ములుగు వేరు జిల్లా యైనది. కావున ఆ జిల్లాను గూర్చిన లెక్కలు చదువునపుడు ఏ సంవత్సరపువో చూడవలెను. పైథాన్ లోని ‘స్ట్రింగు’ అను పదమును నిట్టిదే. రెండవ పైథాన్ లో అది బైట్ల వరుస. 2008లో వచ్చిన మూడవ పైథాన్ లో అక్షరసంకేతముల వరుస. యూటీఎఫ్-8 పద్ధతిని వ్రాసిన మన ‘క’ యొక్క పొడవు మొదటిదానిలో 3, రెండవదానిలో 1. అందుచేత మంచి ఆకరగ్రంథము తాను భాషయొక్క ఏ రూపమును గూర్చి చెప్పుచున్నదో ముందుగనే తెలుపును.

పదనిర్ణయము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూలో శాస్త్రములు బోధించుటకై 1917లోనే హైదరాబాదున అనువాదశాఖ యేర్పడి, సంఘములు కూర్చుండి శాస్త్రపదములను నిర్ణయించెను. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి మన భాషలో పారిభాషిక పదకోశములను వెలువరించెను.

పాఠము వ్రాయువారెవ్వరైనను పాటింపదగిన నియమములు కొన్ని కలవు. మొదట పదముల పట్టిక వ్రాసికొనవలెను. ప్రతిపదమును ఒకేచోట నిర్వచించి, అంతటను ఆ పదమునే వాడవలెను. మార్చవలసివచ్చినచో అన్ని పుటలలోను మార్చి, పాత పదమును పట్టికలో నిలిపి, క్రొత్తదానికి దారి చూపవలెను. “మానుకోట: మహబూబాబాదు చూడుము” అని వ్రాసిన చాలును, బాటసారికి బస్సు దొరకును.

మేమిప్పుడు మా తరగతిగోడకు అట్టి పట్టికను తగిలించితిమి. దానిలో మొదటి పదము చరరాశి. విద్యార్థులారా! పాఠమున రెండు మాటలు మిమ్ము తికమక పెట్టినచో మౌనముగ నుండకుడు. అవి రెండును ఒకటియేనా యని అడుగుడు. ఆ ప్రశ్న మీ మందబుద్ధికి గురుతు కాదు. మా వ్రాతను దిద్దు ఉపకారము.