హిమోగ్లోబిన్ రాసే చక్కెర పద్దు

రేపు రక్తపరీక్ష అనగానే ఇవాళ మిఠాయి మానేసే మధుమేహ రోగులు కొందరుంటారు. ఆ ఒక్కరోజు పథ్యంతో రక్తంలో గ్లూకోజు తగ్గి కనిపించవచ్చు. కాని ఇంకొక పరీక్ష ఉంది. దాని ముందు ఈ ఎత్తు పారదు. అది గడచిన రెండు మూడు నెలల లెక్క బయటపెడుతుంది. ఎలాగో చూద్దాం.

రక్తానికి ఎర్రరంగు నిచ్చే హిమోగ్లోబిన్ ఒక ప్రోటీను. దాని అణువులో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. అమైనో ఆమ్లాలనే పూసలను గుచ్చితే ఏర్పడినవే ఈ గొలుసులు. ఎర్రకణంలోకి చేరిన గ్లూకోజు, బీటా గొలుసులో మొదటి పూస అయిన వాలీన్‌కు మెల్లగా అతుక్కుంటుంది. ఇందుకు ఏ ఎంజైమూ అక్కరలేదు. గ్లూకోజు ఎంత ఎక్కువైతే అన్ని ఎక్కువ అణువులకు అతుక్కుంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అంతకాలమూ ఆ గుర్తు దాదాపు చెరగదు.

1968లో ఇరాన్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ రహ్‌బర్ టెహ్రాన్‌లో హిమోగ్లోబిన్‌ను జెల్‌పై ఉంచి, విద్యుత్తు ప్రసరింపజేసి పరీక్షించారు. మధుమేహ రోగుల రక్తంలో ఒక పట్టీ ప్రత్యేకంగా కనిపించింది. అందరి రక్తంలోనూ కొద్దిగా ఉండే 'హిమోగ్లోబిన్ ఎ1సి' యే అదనీ, మధుమేహంలో అది పెరుగుతుందనీ తరువాత రుజువైంది.

అణువును తూచి కూడా ఈ మార్పును పట్టవచ్చు. తూచే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటరు. గ్లూకోజు అణుభారం 180. అతుక్కునేటప్పుడు 18 భారంగల ఒక నీటి అణువు వెలికిపోతుంది. మిగిలేది 162. మామూలు బీటా గొలుసు భారం 15,867. చక్కెర అంటినది 16,029 తూగుతుంది. మరి ఎక్కడ అంటిందో తెలిసేదెలా? గొలుసును ఎంజైముతో ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ తూస్తారు. ఏ ముక్క 162 ఎక్కువ తూగితే అక్కడే చక్కెర ఉన్నట్లు!

సాధారణంగా ఎ1సి 5.7 శాతం కంటె తక్కువ ఉండాలి. 6.5 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహమని వైద్యులు అనుమానించి, మళ్ళీ పరీక్షించి నిర్ధారిస్తారు. గ్లూకోజు ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటే కళ్ళూ, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. కనుక ముందే తెలియడం ఎంతో మేలు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. సికిల్ సెల్ వంటి వ్యాధులలో ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి. చక్కెర అంటుకోవడానికి తగిన వ్యవధి ఉండదు. అప్పుడు పద్దు తక్కువ చూపి, లేని ధైర్యాన్నిస్తుంది. అందుకే అటువంటి రోగులకు వైద్యులు ఈ ఒక్క అంకెనే నమ్మక, గ్లూకోజును కూడా నేరుగా కొలిపిస్తారు.