హోటలు బిల్లులో చివరి పంక్తులు

అనకాపల్లి బెల్లము బజారునకు వచ్చు వర్తకులును, నూకాంబిక దర్శనమునకు వచ్చు యాత్రికులును లాడ్జిలో దిగుదురు. హోటలులో భోజనము చేయుదురు. బిల్లు చేతికి వచ్చునప్పటికి అనుకొన్నదానికంటె మొత్తము పెరిగియుండును. ఆ పెరిగిన సొమ్ము రెండు విధములు. వానిని విడదీసి చూపుటయే మా ఉద్దేశము.

మొదటిది పన్ను. పూర్వపు విలాసపు పన్ను మొదలగునవి పోయి, 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి., వచ్చినది. దినమునకు రు. 7,500 వరకు అద్దె గల గదిపై ఇది 2025 సెప్టెంబరు 22న నూటికి 12 నుండి 5కు తగ్గినది. వేయి రూపాయల గదికి పన్ను రు. 50, అందు సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు చేరును. సాధారణ హోటలు భోజనముపైనను నూటికి 5 వంతే.

రెండవది సర్వీసు ఛార్జీ. ఇది ప్రభుత్వమునకు చేరదు, యజమానికే చెందును. రు. 400 భోజనముపై నూటికి 10 చొప్పున రు. 40 చేర్చి, ఆ 440పై పన్ను కట్టినచో మొత్తము రు. 462 అగును. ఛార్జీ లేనిచో రు. 420 చాలును. దీనిని తమంతట తాము బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న నిర్దేశించినది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ నిర్దేశమును సమర్థించినది.

కాంపోజిషన్ పద్ధతిలోని చిన్న హోటళ్లు పన్నును తామే భరింపవలెను, బిల్లులో వేయరాదు. కనుక పన్ను వేసిన బిల్లుపై 15 అక్షరాంకముల జి.ఎస్.టి. సంఖ్య ఉన్నదో లేదో చూడుడు.

గది తాళము పుచ్చుకొనుటకు ముందే "అన్నియు కలిపి ఎంత?" అని అడుగుట మేలు. వివాదము తీరనిచో 1915 నంబరునకు టెలిఫోను చేయవచ్చును.