నిచ్చెన కన్నా ముందు కిటికీ

హైదరాబాద్‌లో ఈ నాలుగైదేళ్లలో జరిగిన పెద్ద అగ్నిప్రమాదాలను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నిప్పు పుట్టింది ఒక చోట, మనుషులు పోయింది ఇంకో చోట. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడలో అంటుకున్నది కింద ఉన్న తుక్కు గోదాము. చనిపోయింది పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్లో మంట మొదలైంది కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు పెట్టిన చోట. ప్రాణాలు పోయింది పై గదుల్లో దిగిన 8 మందివి. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్ అపార్టుమెంటు కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుంటే పై అంతస్తుల్లో 9 మంది పోయారు. 2025 మేలో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌస్‌లో, కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న పాతకాలపు ఇంట్లో 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. అంతకు ముందు 2020 ఆగస్టులో విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్లో, కొవిడ్ రోగులను ఉంచిన చోట, తెల్లవారుజామున కింది అంతస్తులో మంట లేచి 10 మందిని బలి తీసుకుంది.

వీటన్నిట్లోనూ అసలు హంతకి ఒకటే: కింది నుంచి పైదాకా అడ్డూ ఆపూ లేకుండా సాగే మెట్ల దారి. వేడెక్కిన పొగ పైకే పోతుంది. తలుపుల్లేని మెట్లూ, లిఫ్టు గుంతా దానికి పొగగొట్టంలా పనిచేస్తాయి. కింద మంట ఇంకా ఒక మూలనే ఉన్నా, పైన వాళ్లు వీధి తలుపు తీసేసరికి ఎదుటి మనిషి కనపడడు. మంటల్లో చిక్కుకున్న వాళ్లలో చాలామంది కాలి చనిపోవడం కన్నా ముందే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పీల్చి స్పృహ తప్పి పోతారు. దీనికి తోడు మన ఇళ్లలోని సామాను మారిపోయింది. అమెరికాలో యూఎల్ అనే పరీక్షల సంస్థ పాతకాలపు చెక్క, నూలు సామాను ఉన్న గదినీ, ఇప్పటి ఫోమ్ సోఫాలు, సింథటిక్ తెరలు ఉన్న గదినీ పక్కపక్కన తగలబెట్టి చూసింది. పాత గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమనడానికి అరగంట దాకా పట్టింది. కొత్త గదికి మూడు నుంచి అయిదు నిమిషాలు చాలాయి. అందుకే ఫైరింజను వచ్చేదాకా ఆగుదాం అనే లెక్క ఒకప్పుడు పనికొచ్చిందేమో గానీ, బండి మలుపు తిరగని గల్లీలో ఉన్న ఇవాళ్టి ఫ్లాటుకు పనికిరాదు.

మెట్లు మూసుకుపోతే మిగిలేది కిటికీ. అక్కడే ఆన్‌లైన్ అంగళ్లలో కొన్ని వేల రూపాయలకు దొరికే మడత నిచ్చెన సంగతి వస్తుంది. అది కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నా సమాధానం: ఒకటో అంతస్తు, రెండో అంతస్తు వాళ్లకు అది పనికొచ్చే వస్తువే. కానీ ఇవాళ మన ఇళ్లలో చాలా కిటికీల నుంచి దాన్ని వేలాడదీయనే లేం. ఎందుకంటే ఆ కిటికీలు తెరుచుకునేది గాలి కోసమే, మనిషి కోసం కాదు. కాబట్టి మొదటి రూపాయి నిచ్చెన మీద కాదు, కిటికీ గ్రిల్లు మీద పెట్టాలి.

ముందు ఆ వస్తువు ఎలా ఉంటుందో, దాని మీద దిగడం ఎలా ఉంటుందో చూద్దాం. రెండు ఇనుప గొలుసులు, లేదా బలమైన నైలాన్ పట్టీలు, వాటి మధ్య అడుగు ఎడంగా ఉక్కు మెట్లు. పై కొసన కిటికీ అడుగు గోడను పట్టుకునే రెండు పెద్ద కొక్కేలు. మడిస్తే మంచం కింద పట్టేంత పెట్టె. కొక్కేలను గోడకు తగిలించి, చిక్కు పడకుండా కట్టిన పట్టీ లాగి, మిగతాది బయటికి వదిలేయాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కష్టమంతా మొదటి అడుగులో ఉంది. కిటికీ అంచు మీద కూర్చుని, ఒక కాలు బయట వేసి, ఒళ్లు తిప్పి, గోడకు ముఖం పెట్టి, కంటికి కనపడని మెట్టును కాలితో వెతుక్కోవాలి. నిచ్చెన గోడకు అతుక్కుని ఉంటే మెట్టు మీద కాలి మునివేళ్లు కూడా ఆనవు, గోడకే తగులుతాయి. అందుకని మంచి రకాల్లో కొన్ని మెట్ల వెనక గోడకు ఆనే చిన్న కాళ్లు ఉంటాయి, అవి నిచ్చెనను నాలుగు వేళ్ల దూరం నెట్టి ఉంచుతాయి. కొనేటప్పుడు బరువు మోసే లెక్క కన్నా ముందు ఈ కాళ్లున్నాయో లేదో చూడాలి. బరువు విషయంలో పేరున్న రకాలు 450 కిలోల దాకా తట్టుకుంటాయని చెప్పుకుంటాయి, అది చాలు. కంగారులో అటూ ఇటూ ఊగే గొలుసు మీద తడబడిన మనిషిని ఆ 450 కిలోలు కాపాడలేవు.

పొడవు దగ్గర మనవాళ్లు మోసపోయే అవకాశం ఉంది. ఇవి ఎక్కువగా అమెరికా ఇళ్ల కోసం తయారైనవి. అక్కడ నేలంతస్తునే ఒకటో అంతస్తుగా లెక్కపెడతారు. వాళ్ల ‘టూ స్టోరీ’ నిచ్చెన 13 అడుగులు, అది మన ఒకటో అంతస్తుకు. ‘త్రీ స్టోరీ’ది 25 అడుగులు, అది మన రెండో అంతస్తుకు. పెట్టె మీద మూడు అని చూసి మూడో అంతస్తు ఫ్లాటుకు తెచ్చుకుంటే, చివరి మెట్టు దగ్గర నేల ఇంకా ఒక అంతస్తు కిందే ఉంటుంది. పైగా మన అపార్టుమెంట్లలో కింద కార్లు పెట్టుకునే స్టిల్టు ఉంటుంది కాబట్టి ఒకటో అంతస్తు కిటికీ అడుగే నేలకు 13 అడుగుల పైన ఉంటుంది, రెండోది దాదాపు 23 అడుగులు. టేపు పట్టి కొలుచుకోకుండా కొనడం డబ్బు దండగ. సన్‌షేడ్ సంగతి కూడా ఉంది. అమెరికా ఇంటి గోడ నున్నగా కిందికి దిగుతుంది. మన గోడలో కింది కిటికీ మీద అడుగున్నరో రెండడుగులో సజ్జ పొడుచుకొచ్చి ఉంటుంది, సాధారణంగా కిటికీ కింద కిటికీ ఉంటుంది కాబట్టి నిచ్చెన సరిగ్గా దాని మీదే పడుతుంది. పలచని ఆ సజ్జను నమ్మి బరువంతా వేయకూడదు. అక్కడి నుంచి కిందికి నిచ్చెన గోడ ఆనిక లేకుండా గాలిలో వేలాడుతుంది. అందుకే కిటికీ కన్నా బాల్కనీ పిట్టగోడ మేలు, అదీ కింద సజ్జ లేని వైపు, కరెంటు తీగలు లేని వైపు. మన గల్లీల్లో బాల్కనీకి చెయ్యెత్తు దూరంలో పోయే తీగలను చూసిన వాళ్లకు ఇనుప గొలుసును అటు విసరకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక గ్రిల్లు. మన ఊళ్లలో గృహప్రవేశానికి ముందే కిటికీలకు గ్రిల్లు పడుతుంది, బాల్కనీకి ఆ తర్వాతి ఏడు పడుతుంది. దొంగల భయం ఉత్త భయం కాదు, పిల్లలు జారిపడతారనే భయం అంతకన్నా నిజం. కనుక గ్రిల్లు తీసేయమని చెప్పేవాడి మాట ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. కావలసింది ఇంట్లో ఒక పడకగది కిటికీకైనా, లేదా బాల్కనీకైనా, గ్రిల్లులో మనిషి పట్టే తలుపు. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి ప్రతి పడకగదికీ బయటపడే కిటికీ ఉండాలంటుంది. కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు తెరుచుకోవాలి, మొత్తం ఖాళీ 5.7 చదరపు అడుగులకు తగ్గకూడదు, దాని అడుగు గది నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. కడ్డీలు పెట్టుకోవచ్చు గానీ, తాళంచెవి, పనిముట్టు అవసరం లేకుండా లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలన్నది అందులోని షరతు. మన వెల్డింగ్ షాపు వాడికి ఇదేమీ పెద్ద పని కాదు. రెండు మడత బందులు, లోపలి వైపు ఒక గడియ, బయటి నుంచి చెయ్యి దూర్చినా గడియ అందకుండా దాని మీద రేకు కప్పు. తాళం వేయందే నిద్రపట్టదు అనుకునేవాళ్లు తాళంచెవిని అదే గదిలో, కిటికీలోంచి చెయ్యి చాస్తే అందని చోట, మేకుకు తగిలించాలి. దేవుడి గదిలో కాదు, అమ్మగారి కొంగు ముడిలో కాదు. దోమల జాలీ ఉంటే అదీ ఊడొచ్చేలా ఉండాలి. జరుపుడు అద్దాల కిటికీలో సగమే తెరుచుకుంటుంది కాబట్టి నాలుగడుగుల కిటికీ అన్నా దొరికేది రెండడుగులే, అది చాలుతుంది.

ముసలివాళ్లు, గర్భిణులు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఇది దిగగలరా అన్నది బలమైన అభ్యంతరం. చాలామంది దిగలేరు, ఇందులో దాపరికం లేదు. వాళ్లకు నిచ్చెన కన్నా తలుపే ముఖ్యం. మంటకూ పడకగదికీ మధ్య తలుపు మూసి ఉంటే లోపల 40 డిగ్రీల లోపు ఉండగా, తలుపు తెరిచి ఉన్న గదిలో వేడి 500 డిగ్రీలు దాటినట్టు యూఎల్ ప్రయోగాల్లోనే తేలింది. తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, వీధి వైపు కిటికీ దగ్గర నిలబడి గుడ్డ ఊపితే సాయం వచ్చేదాకా నిలబడగలిగే అవకాశం ఉంటుంది. బజార్‌ఘాట్‌లో కిటికీల దగ్గరికి రాగలిగిన వాళ్లను పిల్లలతో సహా నిచ్చెనలేసి దింపారు. అయితే దిగలేని వాళ్లున్నారు కాబట్టి దిగగలిగిన వాళ్లకూ సాధనం వద్దనడం తర్కం కాదు. ఇద్దరు కిందికి చేరితే, పైన ఏ గదిలో ఎవరున్నారో ఫైర్ సిబ్బందికి చెప్పేవాళ్లయినా ఉంటారు.

నిచ్చెన ప్రమాదకరం కదా, జారితే నడుం విరుగుతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. మెట్లతో పోలిస్తే నిస్సందేహంగా ప్రమాదమే. మెట్ల దారిలో పొగ లేనంతవరకు మెట్ల మీదుగానే దిగాలి, ఆ సమయంలో పెట్టె విప్పుతూ కూర్చోవడం మూర్ఖత్వం. కానీ మెట్లు పోయాక పోల్చాల్సింది మెట్లతో కాదు, దూకడంతో. 2019 మే 24న సూరత్ తక్షశిల భవనం పై అంతస్తులో కోచింగ్ తరగతులు జరుగుతుండగా మంటలు చుట్టుముడితే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దూకడం దేశమంతా టీవీల్లో చూసింది. 22 మంది చనిపోయారు. ఫైరింజన్ల నిచ్చెనలు అంత ఎత్తుకు అందలేదు. మనం చెప్పుకుంటున్న మడత నిచ్చెన కూడా అందేది కాదు, ఆ ఎత్తుకు రెండో మెట్ల దారి తప్ప మరో మందు లేదు. రూబీ హోటల్లోనూ కొందరు కిటికీల్లోంచి దూకారు. ఒకటి, రెండు అంతస్తుల నుంచి దూకాల్సి వచ్చే మనిషికి, వణుకుతూనైనా మెట్టు మెట్టుగా దిగే అవకాశం ఉండటం ఎంత తేడానో వేరే లెక్కలు అక్కర్లేదు.

ఇదంతా బిల్డరూ ప్రభుత్వమూ చేయాల్సిన పనిని కొనుక్కున్నవాడి నెత్తిన రుద్దడం కాదా? కొంత నిజమే. మన రెండు రాష్ట్రాల్లో నివాస భవనం ఎత్తు 18 మీటర్లకు చేరితేనే అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ తప్పనిసరి. స్టిల్టు మీద అయిదంతస్తులు కట్టి ఆ గీతకు కాస్త కింద ఆపేసిన అపార్టుమెంట్లు మన కాలనీలన్నీ నింపేశాయి. జపాన్‌లో చాలా అపార్టుమెంట్ల బాల్కనీ నేలలోనే మూత ఉంటుంది. దాన్ని ఎత్తి మడత నిచ్చెనను కింది బాల్కనీలోకి దింపుతారు. అక్కడి మూత ఇంకో మూలన ఉంటుంది, ఒకేసారి కింది దాకా పడిపోకుండా. పక్కింటి బాల్కనీకి మధ్య ఉండేది ఆపదలో తన్నితే పగిలే పలచటి పలక. కట్టేటప్పుడే ఆలోచిస్తే నిచ్చెన మంచం కింద దాచుకునే వస్తువు కాకుండా ఇంట్లో భాగమవుతుంది. మనకూ కొత్త కట్టడాలకు ఇలాంటి నియమం రావాలి. కానీ ఇప్పటికే కట్టి, కాపురాలున్న లక్షల ఫ్లాట్లకు ఏ కొత్త నియమమూ రెండో మెట్ల దారి తెచ్చిపెట్టదు. స్టిల్టులో స్కూటర్ ఛార్జింగ్ పాయింటు మెట్ల మొదట్లో ఉందా, అవతలి మూలనా అన్నది మాత్రం సొసైటీ మీటింగులో ఈ ఆదివారమే తేల్చుకోవచ్చు.

ఈ నిచ్చెన అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇళ్లలో కూడా కాదు, అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల కోచింగుకు వచ్చిన పిల్లలుండే హాస్టళ్లలో. ఇలాంటి హాస్టళ్లు చాలావాటిలో కింద వంటగది, గ్యాస్ సిలిండర్లు, పైన ఇరుకు గదుల్లో ముగ్గురు నలుగురు, ఒకే మెట్ల దారి, ప్రతి కిటికీకీ కడ్డీలు. దిగగలిగే వయసున్న వాళ్లూ, దిగాల్సిన అవసరం పడే వాళ్లూ అక్కడ ఒకరే. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు భోజనం ఎలా ఉంటుంది, నీళ్లు వేడిగా వస్తాయా, వైఫై ఉందా అని అడుగుతారు. గది కిటికీ దగ్గరికెళ్లి గ్రిల్లు పట్టుకుని లాగి, ఇది ఎటు తెరుచుకుంటుంది అని వార్డెన్‌ను అడిగేవాళ్లు నలుగురు తయారైతే, అంతస్తుకు ఒక నిచ్చెన కొనిపెట్టడం యజమానికి పెద్ద ఖర్చనిపించదు.