పాటకు స్వామి యెవరు?

వెండితెరపై వినబడు పాటకు కర్త యెవరని యడిగినచో లోకము కవిని, స్వరకర్తను చూపును. న్యాయశాస్త్రము మాత్రము చిరకాలము నిర్మాతనే చూపినది. 1957 నాటి కాపీరైటు చట్టమును వ్యాఖ్యానించుచు 1977లో సుప్రీంకోర్టు, ప్రతిఫలము గైకొని చిత్రము కొఱకు రచించిన పాటపై, విరుద్ధమగు ఒప్పందము లేనియెడల, తొలి స్వామ్యము నిర్మాతదేయని తీర్పు చెప్పెను. ఆ సందర్భముననే జస్టిస్ కృష్ణయ్యరు గాయకునకు చట్టమున చోటే లేదని యెత్తిచూపిరి. ఆ లోపము 1994 సవరణతో గాని తీరలేదు.

ఒప్పందమను మాట వినుటకు సొంపుగానే యున్నది గాని, అవకాశమునకై స్టూడియో వాకిట నిలిచిన కవి నిర్మాతతో షరతులు మాటలాడగలడా? పారితోషికము చేతబడిన పిమ్మట పాట రేడియోలలో, క్యాసెట్లలో ఎన్ని యేండ్లు మ్రోగినను అతనికి దక్కునది కీర్తియే. కీర్తితో ఇంటి అద్దె తీరదు గదా!

రాజ్యసభలో గీతరచయిత జావేద్ అఖ్తర్ ఏ సవరణకై గట్టిగా వాదించిరో, ఆ 2012 సవరణ ఈ స్థితిని మార్చినది. సినిమాహాలులో చిత్రముతోపాటు వినిపించుట తప్ప తక్కిన వినియోగములన్నిటను, హక్కు కొన్నవారితో సమానముగా రచయితకు, స్వరకర్తకు రాయల్టీ చెల్లవలయును; వారసులకో, కాపీరైటు సంఘమునకో తప్ప అన్యులకు దానిని వ్రాసి యిచ్చినను ఆ పత్రము చెల్లదు.