తేనెటీగ వైరస్‌కు ‘జన్యు’ కళ్లెం

సిద్దిపేట: తేనెటీగలకు వైరస్ తెగులు సోకితే నయం చేసే మందు మన రైతుకు నేటికీ అందుబాటులో లేదు. పెట్టె మూత తీసి చూసేసరికి పిల్లపురుగులు చచ్చి ఉంటాయి, పెంపకందారుకు అప్పు మిగులుతుంది. ఆ వైరస్‌ను దాని జన్యు సమాచారంతోనే అణచే పద్ధతి ఒకటి ప్రయోగశాలల్లో రుజువైంది. పొద్దుతిరుగుడు, దోస, పుచ్చ, కాకర పండించే జిల్లా రైతులకూ ఇది పట్టించుకోదగిన విషయమే. ఈగలు తగ్గితే పొద్దుతిరుగుడులో తాలు గింజలు పెరుగుతాయి, తీగజాతి కూరగాయల్లో పిందెలు నిలవవు.

దక్షిణాదిని ఊడ్చిన తెగులు

చెట్టు తొర్రల్లో, పుట్టల్లో గూడు కట్టే మన పుట్ట తేనెటీగకు పెద్ద శత్రువు థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1976లో థాయ్‌లాండ్‌లో బయటపడిన ఈ తెగులు 1991-92లో కేరళ, కర్ణాటక, తమిళనాడులను చుట్టుముట్టింది. పెట్టెల్లో పెంచుతున్న పుట్ట తేనెటీగల్లో అత్యధిక భాగం నశించాయి. తెగులు సోకిన పిల్లపురుగు ప్యూపా దశకు చేరదు. చర్మం కింద నీరు పట్టి సంచిలా ఉబ్బుతుంది, తల పైకెత్తి గదిలోనే చనిపోతుంది. ఇటలీ ఈగ ఈ వైరస్‌కు అంతగా లొంగదు కనుక ఆ తర్వాత కేరళలో పలువురు దానివైపు మళ్లారు. అయితే ఇటలీ ఈగకు వేరే బెడద ఉంది. వరోవా అనే నల్లి దాని ఒంటిని పట్టుకుని రెక్కలు ముడుచుకుపోయే వైరస్‌ను అంటిస్తుంది.

పాకంలో కలిపి తినిపిస్తారు

ఈ వైరస్‌ల జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ అనే పోగు. అందులోని ఒక భాగానికి సరిపోలే జంట పోగుల ఆర్‌ఎన్‌ఏను తయారుచేసి, చక్కెర పాకంలో కలిపి ఈగలకు తాగిస్తారు. ఈగ కణంలో సహజంగా ఉండే ఒక ఎంజైము దానిని చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల ఆనవాలుతో కణం, అదే వరుస ఉన్న వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెతికి తుంచివేస్తుంది. దాంతో వైరస్ పెరగలేదు. ఈ సూత్రాన్ని 1998లో ఒక సూక్ష్మమైన నులిపురుగులో నిరూపించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి దక్కింది.

బీటీ పత్తిని ఎరిగిన మన రైతుకు ఒక సందేహం రావచ్చు. పాకం పద్ధతిలో ఈగ జన్యువులు మారవు. బీటీలో మొక్క జన్యువే మారుతుంది, ఇక్కడ ఈగ తినే మేతలో మందు కలుస్తుంది, అంతే. 2020లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు మరో దారి చూపారు. ఈగ పేగులోని బ్యాక్టీరియానే మార్చి, ఈ ఆర్‌ఎన్‌ఏను లోపలే తయారుచేయించారు. అది మాత్రం జన్యుమార్పిడి కిందకే వస్తుంది, అనుమతుల చిక్కు తప్పదు.

పొలానికి రాని మందు

అమెరికాలోని ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో 160 పెట్టెలపై జరిపిన ప్రయోగ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. వైరస్ తగిలినా, మందు తాగిన పెట్టెల్లో ఈగలు ఎక్కువగా నిలిచాయి. అదే ఏడాది చైనా పరిశోధకులు పుట్ట తేనెటీగ జాతికే చెందిన ఈగల లార్వాలపై శాక్‌బ్రూడ్‌కు ఇదే పద్ధతిని ప్రయోగించి వైరస్‌ను అదుపు చేయగలిగారు. మనకు అసలు ఉపయోగపడేది ఈ రెండో ప్రయోగమే. కానీ ఆర్‌ఎన్‌ఏ తయారీకి ఖర్చవుతుంది, ఎండకు, సూక్ష్మజీవులకు త్వరగా చెడిపోతుంది. వైరస్ రూపు మారితే మందునూ మార్చాలి.

అందాకా పాత జాగ్రత్తలే శరణ్యం. తెగులు పెట్టెలోని చట్రాలను మంచి పెట్టెలోకి మార్చరాదు. రాణి ఈగను కొన్నాళ్లు గుడ్లు పెట్టకుండా నిలిపితే వైరస్‌కు పిల్లపురుగులు దొరకవు. తెగులును తట్టుకున్న పెట్టెల నుంచే కొత్త కుటుంబాలను పెంచాలి. యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు, వాటి అవశేషాలు తేనెలో చేరితే సరుకు అమ్ముడుపోదు. ఇక పొరుగు చేలో పూత మీద పురుగుమందు కొట్టేవారు ఉదయం పూట మానుకుని, ఈగలు గూటికి చేరిన సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.