కుండలోని మంద్రనాదము



వట్టి కుండకు మ్రోత యెక్కువ యని మనవారు పరిహాసమున కందురు. ఆ మ్రోతనే పనికి దెచ్చుకొని, స్వల్పవ్యయముతో స్పీకరునకు గంభీరనాదము కలిగించు విధమును నేడు మనవి చేయుదును.

నేను బడిపంతులుగా నున్న దినములలో, కుందూతీరమున నొక పల్లెయందు, వానలు తప్పిన యేట, నా పూర్వశిష్యు డొకడు నా యొద్దకు వచ్చెను. అతని తండ్రి మద్దెల వాయించువాడు. అప్పటికి కాలము చేసి యొక యేడు. ఆయన భజన టేపులో కలదు గాని, వారి చిన్న స్పీకరులో మద్దెల యెడమమ్రోత వినబడదు. పట్నమున పెద్దపెట్టె కొనుటకై నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తేబోవుచున్నానని చెప్పెను. “నాయనా, ఒక్క దిన మాగుము, మీ యింటి కాగు నొకటి తెమ్ము” అంటిని.

మొదట కారణము వినుడు. స్పీకరులోని కాగితపుగిన్నె ముందునకు కదలినపుడు ఎదుటి గాలి యొత్తిడి పొందును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచబడును. అడ్డు లేనిచో ఈ రెండును అంచు చుట్టివచ్చి యొకదాని నొకటి హరించును. సన్ననాదముల అలలు పొట్టివి గనుక వానికి హాని తక్కువ. సెకనుకు 70 మార్లు కంపించు మంద్రనాదపు అల యన్ననో, సుమారు 5 మీటర్ల పొడవుండును. ఆరంగుళముల స్పీకరు దాని నెట్లు అడ్డగింపగలదు? ముందువెనుకలను వేరుచేయుటయే ఉపాయము. ఈ జాతి స్పీకరును 1925లో ప్రకటించిన రైస్, కెల్లాగ్ అను అమెరికా ఇంజనీర్లకును ఈ చిక్కు తెలియును. వేదాంతులు ఘటాకాశమును దృష్టాంతముగా చెప్పుదురు గదా! ఇచట వెనుకనాదమును ఆ ఘటాకాశముననే బంధించుచున్నాము.

ఇక చేయు విధము. బాగుగా ఎండిన, బీటలేని కుండను గ్రహింపుడు. వ్రేలితో కొట్టిన ఖంగుమనవలెను. చిన్నకుండలోని గాలి బిగువైన స్ప్రింగువలె గిన్నె నడ్డుకొనును. అపుడు మంద్రము తగ్గి, ఒక్క స్వరమే గుబగుబలాడును. కావున ఆరంగుళముల స్పీకరునకు రెండు బిందెల నీరు పట్టు కాగు మేలు. మూతి వెడల్పయినచో, నడుమ రంధ్రము చేసిన మందపుచెక్కను దానిపై బిగించి, స్పీకరు నందమర్చుడు. సందులలో పాత సైకిలు ట్యూబు రబ్బరు నుంచి, తీగ వెడలుచోట మైనము పూయుడు. గాలి యెచటను జారరాదు. లోపల దూదిని వదులుగా నింపుడు. గోడలకు తాకి మరలివచ్చు నాదమును అది మ్రింగును. కాగును కుదురుపై వాల్చి, మూతిని వినువారివైపు త్రిప్పుడు. గదిమూలకు చేర్చినచో మంద్రము మఱింత హెచ్చును. బేతంచెర్ల, కడప బండల తునకలు దొరకువారు వానితోనే పెట్టె కట్టుకొనవచ్చును. బరువైన రాయి సులభముగా కంపింపదు.

ఆ సాయంకాలము టేపు పెట్టితిమి. పట్నపు పెట్టెయంత బిగ్గరగా లేదు గాని, యెడమమ్రోత వినబడెను. వంటయింటనున్న అతని తల్లి వచ్చి గడపయొద్ద కూర్చుండెను. భజన ముగియువరకు ఎవరును మాటాడలేదు. అప్పు మాట అతడు మరల నెత్తలేదు.

తుదకొక హెచ్చరిక. మంద్రము మితిమీరినచో మాట యణగిపోవును. వయసుతో సన్ననాదములు వినుశక్తి ముందుగా తగ్గును గనుక, మనబోటి వృద్ధులు వార్తలు వినునపుడు మంద్రమును తగ్గించుకొనవలెను. మఱియు మంద్రనాదము గోడ దాటి పొరుగువాని మంచము చేరును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు సామాన్యముగా రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 వరకు బహిరంగస్థలములందు లౌడుస్పీకరును నిషేధించుచున్నవి. యువకులకు ఈ మాట చెప్పవలసినవారు పెద్దలైన మీరే.

కుమ్మరికి నాలుగు డబ్బులు ముట్టును. మీకు ఋణము తప్పును. సెలవు.