ఉద్యోగం భారమైనప్పుడు: ఈఎస్‌ఐ కార్డున్నవారు రాజీనామా రాసే ముందు చదవాల్సిన సంగతులు

మీ జీతం నెలకు 21 వేల రూపాయలు దాటకుండా, పే స్లిప్పులో ఈఎస్‌ఐ కోత కనిపిస్తుంటే ఈ కాగితం మీకోసమే. జనరల్ బజార్ బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడేవాళ్ళు, ప్యారడైజ్ చుట్టుపక్కల హోటళ్ళలో పనిచేసేవాళ్ళు, బేగంపేట ఆఫీసుల్లో చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చునేవాళ్ళు, నర్సింగ్ హోముల్లో నైట్ డ్యూటీ చేసే సిస్టర్లు, సెక్యూరిటీ గార్డులు, కొరియర్ గోడౌన్ల వాళ్ళు... సికింద్రాబాద్‌లో ఈ కార్డు లేని వీధి ఉండదు. కార్డు ఉందని తెలిసినా అది జ్వరానికి మందులిచ్చే కార్డనే చాలామంది అనుకుంటున్నారు.

పథకాల గురించి చెప్పడానికి బస్తీలకు వెళ్ళినప్పుడు మాకు ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట వేరు. "రేషన్ కార్డు సంగతి తర్వాత సార్. డ్యూటీ తలుచుకుంటేనే గుండె దడ. నిద్ర పట్టట్లేదు. మానేద్దామంటే అప్పులున్నాయి. వాళ్ళే తీసేస్తే బాగుండు, నాలుగు డబ్బులన్నా వస్తాయి."

అలా కోరుకోవడంలో తప్పేమీ లేదు. వాళ్ళే తీసేస్తే డబ్బులు వస్తాయన్న మాట కూడా చాలావరకు నిజం. కాకపోతే ఆ రోజు కోసం ఎదురుచూస్తూ విసిగిపోయిన మనిషి సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి వెళ్ళడం మానేస్తాడు. లేదంటే కోపంలో తెల్లకాగితం మీద రాజీనామా రాసిచ్చేస్తాడు. ఈ రెండింటిలో ఏది చేసినా రావాల్సిన డబ్బుకు గండి పడుతుంది. అందుకే ముందు సెలవు సంగతి, తర్వాత తొలగింపు సంగతి చెబుతాం.

ముందు డాక్టరు దగ్గరికి

మీ జీతం 18 వేలనుకుందాం. అందులో నెలకు 0.75 శాతం, అంటే 135 రూపాయలు మీ దగ్గర కోస్తారు. యజమాని తన వాటాగా 3.25 శాతం, అంటే 585 రూపాయలు కడతారు. మొత్తం 720. ఈ డబ్బుతో మీకు మందులే కాదు, జబ్బు చేసి పనిలోకి వెళ్ళలేని రోజులకు జీతంలో 70 శాతం కూడా వస్తుంది. ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు. దీన్ని అనారోగ్య ప్రయోజనం అంటారు.

18 వేల జీతమంటే రోజుకు సుమారు 600. అందులో 70 శాతం 420 రూపాయలు. మొదటి రెండు రోజులకు సాధారణంగా డబ్బు ఇవ్వరు. కాబట్టి డాక్టరు 14 రోజుల విశ్రాంతి రాస్తే 12 రోజులకు, అంటే 5,040 రూపాయలు మీ బ్యాంకు ఖాతాలో పడతాయి. ఒకసారి సెలవు పెట్టి తిరిగి చేరిన 15 రోజుల్లోపే మళ్ళీ జబ్బు చేస్తే ఆ రెండు రోజుల కోత ఉండదు.

అర్హత లెక్క కొంచెం తికమకగా ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజనం. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా జమ అయ్యుండాలి. అంటే ఫిబ్రవరిలో మీకు ఒంట్లో బాగాలేకపోతే చూసేది నిరుటి ఏప్రిల్–సెప్టెంబరు చందా. జీతంలో కోసిన డబ్బు యజమాని జమ చేశారా లేదా అన్నది మీ పదంకెల ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్‌ఐ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఈ పని ఒంట్లో బాగున్నప్పుడే చేసుకోండి.

ఇక అసలు ప్రశ్న. టెన్షన్‌కు సెలవు ఇస్తారా? సర్టిఫికెట్ మీద "పని ఒత్తిడి" అని రాయించుకుంటే సరిపోదు. సెలవుకు ఆధారం జబ్బు, ఆ జబ్బును నిర్ధారించేది డాక్టరు. ఒత్తిడి వల్ల వచ్చే ఆందోళన, డిప్రెషన్, పెరిగిన బీపీ, నెలల తరబడి నిద్ర లేకపోవడం ఇవన్నీ జబ్బులే. చాలామంది డిస్పెన్సరీకి వెళ్ళి కడుపు నొప్పి అనో, తలనొప్పి అనో చెప్పి గోళీలు తెచ్చుకుంటున్నారు. మనసు బాగాలేదని చెప్పడానికి మొహమాటం. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. నిద్ర ఎన్నాళ్ళుగా లేదు, డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఏమవుతోంది, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా... అన్నీ. చివరిదానికి జవాబు అవును అయితే డిస్పెన్సరీ తెరిచేదాకా ఆగొద్దు. 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

డిస్పెన్సరీ నుంచి పెద్దాసుపత్రికి రాస్తే సనత్‌నగర్ ఈఎస్‌ఐకి వెళ్ళాల్సి రావచ్చు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, మియాపూర్ వైపు వెళ్ళే రైల్లో ఈఎస్‌ఐ హాస్పిటల్ స్టేషన్‌లో దిగితే చాలు. ఆ తర్వాతి స్టేషనే ఎర్రగడ్డ. అక్కడి మానసిక చికిత్సాలయం పేరును మన ఊళ్ళో తిట్టుగా వాడతారు కాబట్టి వెళ్ళడానికి జంకుతారు. అది ప్రభుత్వాసుపత్రి, ఓపీ చూపించుకుని మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. దూరమనుకుంటే గాంధీ ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది.

ఒక విషయం మాత్రం తెలుసుకుని వెళ్ళండి. డిస్పెన్సరీని నడిపేది రాష్ట్ర ప్రభుత్వం, డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ కార్పొరేషన్. డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాక డబ్బు కోసం దరఖాస్తు కార్పొరేషన్ బ్రాంచి ఆఫీసుకు చేరాలి. డిస్పెన్సరీ కిటికీ దగ్గర "డబ్బులెప్పుడు పడతాయి" అని అడిగి, జవాబు రాక విసుక్కుని వెనక్కొచ్చేవాళ్ళు ఎక్కువ. ప్రైవేటు డాక్టరు చీటీ ఒక్కటే పట్టుకెళ్తే పని జరగకపోవచ్చు, ఈఎస్‌ఐ డాక్టరు చూసి సర్టిఫై చేయాలి.

జబ్బు తీవ్రమైతే 91 రోజులతో ఆగిపోదు. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో క్షయ, క్యాన్సర్‌తో పాటు తీవ్రమైన మానసిక వ్యాధులు కూడా ఉన్నాయి. వాటికి జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా ఇచ్చే వీలుంది. దానికి రెండేళ్ళ సర్వీసు, సరిపడా చందా ఉండాలి.

ఇప్పుడు చాలామందికి తెలియని మాట. మీరు ఈఎస్‌ఐ సర్టిఫికెట్ మీద సెలవులో ఉన్నప్పుడు యజమాని మిమ్మల్ని తీసేయడానికి లేదు, శిక్షించడానికి లేదు. 1948 ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్‌లో పెట్టిన రక్షణ ఇది. ఆ రోజుల్లో చేతికిచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు. "సిక్ లీవ్ పెడితే ఉద్యోగం పోతుంది" అని సూపర్‌వైజర్ బెదిరిస్తే భయపడి రాజీనామా రాయాల్సిన పనిలేదు.

అయితే సెలవులో ఉండి వేరే పని చేయకూడదు. సాయంత్రం పూట బైక్ మీద ఫుడ్ డెలివరీకి వెళ్తే ఆ రోజుకు ప్రయోజనం రాదు, తర్వాత చిక్కులూ వస్తాయి. డాక్టరు చెప్పిన వైద్యం వాడాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు.

ఈఎస్‌ఐ పరిధి దాటినవాళ్ళకూ ఒక మాట. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజులు జబ్బుకో, సరైన కారణానికో జీతంతో సెలవు ఉంటుంది. 240 రోజులు పనిచేస్తే ఇంకో 15 రోజుల సెలవు. ఇది యజమాని దయ కాదు. 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా పని చేయించుకునే వెసులుబాటు వచ్చింది కానీ వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి.

వాళ్ళే తీసేస్తే వచ్చేది, మీరు మానేస్తే పోయేది

"నాలుగు డబ్బులొస్తాయి" అన్న ఆశకు మన ఊళ్ళో ఒక చరిత్ర ఉంది. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ కార్మికులు ఎందరో వీఆర్‌ఎస్ తీసుకున్నారు. 2019 చివర్లో బీఎస్‌ఎన్‌ఎల్ వీఆర్‌ఎస్ ప్రకటిస్తే దేశమంతటా 78 వేలమందికి పైగా ఒప్పుకుని 2020 జనవరి 31న బయటికొచ్చారు. వాళ్ళకు గడిచిన సర్వీసులో ప్రతి ఏడాదికీ 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం లెక్కగట్టారు. మేనమామో, పక్కింటాయనో అలా డబ్బు తెచ్చుకోవడం చూసినవాళ్ళు తమకూ అలాంటిదే వస్తుందనుకుంటారు. వీఆర్‌ఎస్ ఇవ్వాలని ఏ చట్టమూ యజమానిని బలవంతపెట్టదు. షాపుల్లో, కాల్ సెంటర్లలో దాని కోసం ఎదురుచూడటం దండగ.

చట్టం ఇచ్చేది వేరే ఉంది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి పని తగ్గిందనో, సిబ్బంది ఎక్కువయ్యారనో తీసేస్తే నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. దానికి తోడు ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల జీతం పరిహారం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ లెక్కే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్త కోడ్‌లో మరో 15 రోజుల జీతం నైపుణ్య శిక్షణ నిధి కింద అదనం. మేనేజరు హోదా ఉన్నవాళ్ళకు ఇవి వర్తించవు.

అదే 18 వేల జీతం, ఆరేళ్ళ సర్వీసు అనుకోండి. రాజీనామా చేస్తే, పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థ అయితే, గ్రాట్యుటీ వస్తుంది: జీతమంతా బేసిక్, డీఏ అనుకుంటే 62,308 రూపాయలు. ఐదేళ్ళు నిండాయి కాబట్టి రాజీనామా చేసినా గ్రాట్యుటీ పోదు. వాళ్ళే తొలగిస్తే ఇదే గ్రాట్యుటీతో పాటు నోటీసు జీతం 18 వేలు, పరిహారం దాదాపు 54 వేలు, శిక్షణ నిధి కింద మరో 9 వేలు. మొత్తం 81 వేల తేడా ఒక్క సంతకంలో ఉంది. హెచ్‌ఆర్ వాళ్ళు "నువ్వే రాజీనామా రాసివ్వు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ బాగా ఇస్తాం" అని తియ్యగా అనడానికి కారణం ఈ తేడాయే.

పని పోయాక ఈఎస్‌ఐ నుంచి కూడా వస్తుంది. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనలో రోజు సగటు జీతంలో 50 శాతం చొప్పున 90 రోజుల దాకా, జీవితంలో ఒక్కసారి ఇస్తారు. మన లెక్కలో రోజుకు 300, మొత్తం 27 వేలు. రెండేళ్ళ ఉద్యోగం, చందా రోజులు సరిపోవాలి. తప్పు చేశారని తీసేసినవాళ్ళకు, రిటైరైనవాళ్ళకు, వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్ళకు రాదు. ఈ పథకానికి గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి దరఖాస్తు రోజున అమల్లో ఉందో లేదో బ్రాంచి ఆఫీసులో అడగండి. మరొకటి 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. సంస్థ మూతపడినా, సిబ్బంది తగ్గింపులో తొలగించినా మొదటి ఏడాది జీతంలో సగం, రెండో ఏడాది పావు వంతు, ఆ కాలమంతా వైద్యం. రెండూ ఒకేసారి ఇవ్వరు. మీ పరిస్థితికి ఏది మేలో అడిగి ఎంచుకోండి.

ఇక్కడే డ్యూటీ ఎగ్గొట్టేవాళ్ళు దెబ్బతింటున్నారు. "రాకపోతే వాళ్ళే తీసేస్తార్లే" అని ఇంట్లో కూర్చుంటే, యజమాని రెండు మూడు నోటీసులు పంపి, అనుమతి లేని గైర్హాజరు అని రాసి తీసేస్తారు. కాగితం మీద అది మీ తప్పు కింద జరిగిన తొలగింపు. అప్పుడు పరిహారమూ లేదు, అటల్ యోజనా లేదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. నిజంగా వెళ్ళలేని స్థితిలో ఉంటే సర్టిఫికెట్ తెచ్చుకుని, దాన్ని వాట్సాప్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో పంపి, రసీదు దాచుకోండి.

మీరు ఎలాగూ మానేయాలని నిర్ణయించుకుంటే అదీ మీ హక్కే. ఒంటికి మించిన ఉద్యోగాన్ని పరిహారం కోసం ఏళ్ళ తరబడి పట్టుకుని వేలాడమని మేము చెప్పం. ఆ నిర్ణయం నిద్ర పట్టిన మనిషిగా తీసుకోండి, సెలవు ముగిశాక తీసుకోండి. గ్రాట్యుటీకి ఐదేళ్ళు నిండటానికి రెండు నెలలే ఉందేమో ఒకసారి చూసుకోండి. మానేశాక మీ చివరి జీతం రెండు పనిదినాల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి.

బలవంతంగా సంతకం పెట్టించుకుంటే

తారీఖు లేని రాజీనామా మీదో, "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అన్న కాగితం మీదో డబ్బు చేతికి రాకముందు సంతకం చేయొద్దు. చేయించుకున్నారా, అదే రోజు "నా ఇష్టంతో రాయలేదు" అని యజమానికి మెయిల్ గానీ ఉత్తరం గానీ పంపండి. తర్వాత కార్మిక శాఖకు వెళ్ళండి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో మీ ప్రాంతం ఏ అధికారి కిందికి వస్తుందో చెబుతారు. ఆ భవనానికి పేరున్న అంజయ్య గారు ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేసి ముఖ్యమంత్రి అయిన మనిషి. ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. ఆలస్యం చేస్తే మాత్రం కేసు బలహీనపడుతుంది.

వెళ్ళేటప్పుడు నియామక పత్రం ఉంటే అది, లేకపోతే పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఐడీ కార్డు ఫొటో, ఈఎస్‌ఐ నంబరు, సెలవు సర్టిఫికెట్లు, సూపర్‌వైజర్ పంపిన మెసేజీల స్క్రీన్‌షాట్లు తీసుకెళ్ళండి. ఉద్యోగం పోయిన రోజే కొన్ని ఆఫీసుల్లో లాగిన్ ఆపేస్తారు, కాబట్టి పే స్లిప్పులు ఈ వారమే మీ ఫోన్‌లోకి దించుకోండి. ఈఎస్‌ఐ గురించి అడగాలంటే టోల్ ఫ్రీ నంబరు 1800-11-2526.